ఆట ఎప్పుడు ఆపాలో ఎవరు చెప్పాలి?

అల్ఫారెట్టాలో మెక్‌గినిస్ ఫెర్రీ రోడ్డు పట్టుకుని తూర్పుగా వెళితే జాన్స్ క్రీక్ మీదుగా, చాటహూచీ నది వంతెన దాటాక సువానీ వస్తుంది. అట్లాంటా ఉత్తర శివార్లలో ఇళ్ళు కట్టుకున్న తెలుగువాళ్ళకు ఆ దారి కొట్టిన పిండి. సువానీలోని కాలిన్స్ హిల్ హైస్కూల్ తరఫున 2003 నుంచి 2007 దాకా ఒక అమ్మాయి బాస్కెట్‌బాల్ ఆడింది. ఆ నాలుగేళ్ళలో ఆ బడి జట్టు 125 మ్యాచ్‌లు గెలిచి, మూడే ఓడింది. ఆ అమ్మాయి పేరు మాయా మూర్. తరవాత కాలేజీలో రెండు జాతీయ టైటిళ్ళు, మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యుఎన్‌బిఎలో నాలుగు ఛాంపియన్‌షిప్‌లు, అమెరికా జట్టుతో రెండు ఒలింపిక్ స్వర్ణాలు ఆమె ఖాతాలో చేరాయి. 2019 ఫిబ్రవరిలో, 29 ఏళ్ళ వయసులో, ఈ ఏడాది ఆడనని చెప్పింది. గాయమేమీ లేదు, జట్టుతో గొడవ లేదు, ఆటలో పదును తగ్గలేదు. అంతకు ముందటి ఏడాదే ఆల్‌స్టార్ మ్యాచ్‌లో అత్యుత్తమ క్రీడాకారిణిగా నిలిచింది, అదీ వరసగా మూడోసారి. ఆ తరవాత ఆమె మళ్ళీ పోటీల్లో ఆడలేదు. 2023 జనవరిలో రిటైర్మెంట్ ప్రకటించింది.

ఇంత మంచి కెరీర్‌ను మధ్యలో వదిలేసిందే అని ఇప్పటికీ బాధపడేవాళ్ళున్నారు. ఒక మంచి పని కోసం ఆటను త్యాగం చేసిందని మెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. ఈ రెండు మాటల వెనకా ఉన్న ఊహ ఒకటే: ఆమె ఇంకా పదేళ్ళు ఆడవలసి ఉంది, ఆడలేదు కాబట్టి ఎక్కడో లోటు పడింది. నేను దీన్ని ఒప్పుకోను. ప్రొఫెషనల్ క్రీడాకారిణి జీవితాన్ని ఆడిన ఏళ్ళతోనో చేసిన పాయింట్లతోనో కాక, ఆ జీవితం మీద ఆమెకు ఎంత అధికారం ఉందన్నదానితో కొలవాలి. ఆ కొలతతో చూస్తే మూర్ ఆట ఆపడం ఆమె కెరీర్‌కు కోత కాదు. ఆ కెరీర్ మొత్తంలో ఎవరి క్యాలెండర్‌కూ లోబడకుండా ఆమె తీసుకున్న నిర్ణయం అదొక్కటే. ఈ మాట ఎందుకు అంటున్నానో తెలియాలంటే, మహిళా బాస్కెట్‌బాల్ అనే వృత్తి ఎలా నడుస్తుందో కొంచెం దగ్గరగా చూడాలి.

మూర్ పుట్టింది 1989లో, మిస్సోరి రాష్ట్ర రాజధాని జెఫర్సన్ సిటీలో. తల్లి క్యాథరిన్ ఒంటరిగా పెంచింది. కూతురికి మూడేళ్ళు వచ్చేసరికి అపార్ట్‌మెంట్ తలుపుకు ఒక చిన్న రింగు తగిలించింది, ఇల్లంతా పరుగులు పెట్టే పిల్లను ఒకచోట నిలపడానికి. ఉద్యోగరీత్యా తల్లి మొదట నార్త్ కరోలినాకు, అక్కడి నుంచి జార్జియాకు మారింది. ఉద్యోగం ఎక్కడుంటే పిల్లల బడి అక్కడే అన్న పద్ధతి అల్ఫారెట్టా తెలుగు కుటుంబాలకు వేరే చెప్పనక్కర్లేదు. సువానీ ఉన్న గ్వినెట్ కౌంటీకి రావడం మూర్‌కు కలిసొచ్చింది. ఇక్కడ హైస్కూల్ బాస్కెట్‌బాల్‌లో పోటీ గట్టిగా ఉంటుంది. బడి సీజన్ అయిపోయాక వేసవిలో క్లబ్ జట్లు దేశమంతా తిరిగి టోర్నమెంట్లు ఆడతాయి, కాలేజీ కోచ్‌లు ఆ టోర్నమెంట్లకే వచ్చి పిల్లలను ఎంచుకుంటారు. పదిహేనేళ్ళ పిల్ల వేసవి సెలవులు ఎలా గడపాలో అప్పుడే ఇంకెవరో నిర్ణయించడం మొదలవుతుంది.

ఇంత వ్యవస్థ ఆడపిల్లలకు అందుబాటులోకి రావడానికి కారణం 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం. ఫెడరల్ ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడ, మగ తేడాతో వివక్ష చూపకూడదని దాని సారాంశం. దానివల్లే అమ్మాయిలకు స్కాలర్‌షిప్పులు, జీతాలు తీసుకునే కోచ్‌లు, మంచి కోర్టులు వచ్చాయి. మూర్ వెళ్ళిన కనెటికట్ యూనివర్సిటీలో కోచ్ జీనో ఆరియెమ్మా అప్పటికే పేరుమోసినవాడు. 2007 నుంచి 2011 దాకా ఆమె అక్కడ ఆడిన నాలుగేళ్ళలో జట్టు 150 గెలిచి నాలుగు ఓడింది. 2009, 2010లలో ఒక్క ఓటమీ లేకుండా జాతీయ ఛాంపియన్ అయింది. వరసగా 90 మ్యాచ్‌లు గెలిచాక, 2010 డిసెంబరు 30న స్టాన్‌ఫర్డ్ చేతిలో ఆ పరుగు ఆగింది. మూర్ ఒక్కతే 3,036 పాయింట్లు చేసింది. హాళ్ళు నిండాయి, టీవీ ప్రసారాలు జరిగాయి, ఆమె జెర్సీలు అమ్ముడుపోయాయి. అయినా నిబంధనల ప్రకారం చదువు ఖర్చు తప్ప ఆమెకు ఒక్క డాలరు రాకూడదు. కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు, బొమ్మ మీద సంపాదించుకోవచ్చన్న వెసులుబాటు 2021 జులైలో గానీ రాలేదు. అంటే ఆమె ఆటకు అత్యంత ఆదరణ దక్కిన నాలుగేళ్ళలో సొమ్ము ఇతరులది, శ్రమ ఆమెది.

2011 డ్రాఫ్ట్‌లో మిన్నెసోటా లింక్స్ ఆమెను మొట్టమొదటి పిక్‌గా తీసుకుంది. డ్రాఫ్ట్ పద్ధతిలో ఆటగత్తె జట్టును ఎంచుకోదు, జట్టే ఆమెను ఎంచుకుంటుంది. జార్జియా ఎండలో పెరిగిన పిల్ల మిన్నియాపొలిస్ వెళ్ళింది. అప్పట్లో మొదటి పిక్‌కు కూడా ఏడాది జీతం 50 వేల డాలర్ల లోపే. అదే ఏడాది పురుషుల లీగ్ ఎన్‌బిఎలో మొదటి పిక్‌కు సుమారు 50 లక్షల డాలర్లు. 2018 నాటికి డబ్ల్యుఎన్‌బిఎలో ఎంత గొప్ప క్రీడాకారిణికైనా గరిష్ఠ జీతం 1,15,000 డాలర్ల ప్రాంతంలోనే ఉండేది. అల్ఫారెట్టాలో జీఏ 400 హైవే పక్కన ఆఫీసుల్లో కొన్నేళ్ళ అనుభవమున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకు ఆ అంకె పెద్ద విషయం కాదు. కానీ ఆ ఇంజనీరు అరవై ఏళ్ళ దాకా పనిచేయవచ్చు. ఆటగత్తె మోకాలు అప్పటిదాకా ఆగదు.

అందుకే మహిళా బాస్కెట్‌బాల్‌లో రెండో ఉద్యోగం అనే ఏర్పాటు పుట్టింది. మే నుంచి సెప్టెంబరు దాకా అమెరికాలో ఆట, అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా విదేశాల్లో ఆట. మూర్ తొలి సీజన్ 2011లో లింక్స్‌ను ఛాంపియన్‌గా నిలిపి ఊపిరి తీసుకోకుండా స్పెయిన్ వెళ్ళి వలెన్సియా నగరపు రోస్ కసారెస్ క్లబ్‌కు ఆడింది. ఆ జట్టు 2012లో యూరోలీగ్ గెలిచింది. ఆ వేసవిలోనే లండన్ ఒలింపిక్స్. తరవాత చైనాలో షాన్సీ జట్టు తరఫున 2013, 2014, 2015లలో వరసగా మూడు లీగ్ టైటిళ్ళు. మధ్యలో 2014లో ప్రపంచ ఛాంపియన్‌షిప్, 2016లో రియో ఒలింపిక్స్. 2017 అక్టోబరు 4న నాలుగో డబ్ల్యుఎన్‌బిఎ టైటిల్ గెలిచిన ఆమె, ఆ సీజన్‌లోనే రష్యా క్లబ్ యుఎమ్‌ఎమ్‌సి ఎకటెరిన్‌బుర్గ్‌కు ఆడి 2018 ఏప్రిల్‌లో యూరోలీగ్ గెలిచింది. మేలో మళ్ళీ మిన్నెసోటా. శరీరానికి విశ్రాంతి ఎప్పుడు దొరుకుతుందో నిర్ణయించేవి రెండు మూడు దేశాల లీగుల షెడ్యూళ్ళు. అప్పట్లో రష్యా క్లబ్బులు ఇచ్చే డబ్బు ఎంతటిదంటే, 2015లో ఎకటెరిన్‌బుర్గ్ క్లబ్ డబ్ల్యుఎన్‌బిఎ క్రీడాకారిణి డయానా టౌరాసీకి అమెరికా సీజన్ ఆడకుండా విశ్రాంతి తీసుకోమని చెప్పి మరీ జీతం ఇచ్చింది, ఆమె ఒప్పుకుంది. దేశం కాని దేశానికి జీతం కోసం వెళ్ళక తప్పని ఈ పద్ధతిలోని ప్రమాదం 2022 ఫిబ్రవరిలో బయటపడింది. అదే క్లబ్‌కు ఆడుతున్న అమెరికా క్రీడాకారిణి బ్రిట్నీ గ్రైనర్‌ను మాస్కో విమానాశ్రయంలో పట్టుకుని, డిసెంబరులో ఖైదీల మార్పిడి జరిగేదాకా నిర్బంధించారు. ఆ గ్రైనర్ 2025లో మన నగరపు డబ్ల్యుఎన్‌బిఎ జట్టు అట్లాంటా డ్రీమ్‌లో చేరింది.

ఇదంతా చదివి మూర్‌ను పాపం అనుకోనక్కర్లేదు. ఆట ఆమెకు ఇష్టమైన పని, ఆ పనిలో ఆమె నేర్పు ఎలాంటిదో ఒక్క ఉదాహరణ చాలు. 2015 ఫైనల్స్ మూడో మ్యాచ్, అక్టోబరు 9, ఇండియానాపొలిస్. స్కోరు 77-77, మిగిలింది 1.7 సెకన్లు. లింక్స్ చేతిలో బంతి. పక్క గీత దగ్గర నుంచి సహచరి లిండ్సే వేలెన్ బంతి అందించింది, మూర్ త్రీ-పాయింట్ గీత బయట పట్టుకుంది. మామూలు ఆటగత్తె అయితే ఆ వ్యవధిలో పట్టిన బంతిని పట్టినట్టే విసిరేస్తుంది. మూర్ వేయబోతున్నట్టు బంతిని పైకెత్తి ఆపింది. ఎదురుగా ఉన్న డిఫెండర్ గాలిలోకి ఎగిరి పక్కనుంచి వెళ్ళిపోయింది. అప్పుడు మూర్ ఒక్క డ్రిబుల్ వేసి, చోటు చూసుకుని, గంట మోగేలోపు బంతి వదిలింది. 80-77. రెండు సెకన్లు కూడా లేనిచోట ఒక అబద్ధపు కదలికకు కూడా టైముందని లెక్క వేసుకోవడం చేతులు చేసే పని కాదు, బుర్ర చేసే పని. తనకున్న సమయం ఎంతో, దానిలో ఏమేం పడతాయో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ సిరీస్ లింక్స్ 3-2తో గెలిచింది. అట్లాంటావాసులు గుర్తుంచుకోదగ్గ విషయం ఇంకొకటి ఉంది. ఆమె నాలుగు టైటిళ్ళలో రెండు అట్లాంటా డ్రీమ్‌ను ఓడించి గెలిచినవే, రెండూ ఈ నేల మీదే ఖాయమయ్యాయి. 2011లో నగరం మధ్యలోని ఫిలిప్స్ ఎరీనాలో, 2013లో డులూత్‌లోని గ్వినెట్ సెంటర్ ఎరీనాలో. ఆ రెండోది ఆమె బడికి కూతవేటు దూరం. ఆ ఫైనల్స్‌లో ఉత్తమ క్రీడాకారిణి కూడా ఆమే.

ఇంత గెలిచినా జనానికి కనబడడం లేదన్న బాధ ఆమెను వదల్లేదు. 2015లో ఆమె ప్లేయర్స్ ట్రిబ్యూన్ వెబ్‌సైట్‌లో ఒక వ్యాసం రాసింది. కాలేజీలో ఉన్నంతకాలం దేశమంతా చూసిన ఆటగత్తె, ప్రొఫెషనల్ కాగానే టీవీలోనూ వార్తల్లోనూ ఎలా మాయమవుతుందో అందులో చెప్పింది. అది ఫిర్యాదులా కనబడినా, చదివితే కార్యకారణాల వివరణ. ప్రసారం లేకపోతే ప్రేక్షకులు లేరు, ప్రేక్షకులు లేకపోతే ప్రకటనలు లేవు, ప్రకటనలు లేకపోతే జీతం లేదు, జీతం లేకపోతే చలికాలం విదేశాల్లో ఆడక తప్పదు, అలా ఆడితే అలసిపోయిన ఆటగత్తె వేసవిలో మళ్ళీ కోర్టులోకి వస్తుంది. మరుసటి ఏడాది, 2016 జులైలో, మిన్నెసోటాలో ఫిలాండో కాస్టిల్‌ను, లూయిజియానాలో ఆల్టన్ స్టెర్లింగ్‌ను పోలీసులు కాల్చి చంపాక, మూర్‌తో సహా లింక్స్ కెప్టెన్లు నల్ల టీషర్టులు వేసుకుని విలేకరుల ముందు కూర్చున్నారు. మార్పు తమతోనే మొదలవుతుందని, న్యాయమూ జవాబుదారీతనమూ కావాలని వాటి మీద రాసుంది. ఆ రోజు భద్రతకు వచ్చిన నలుగురు మిన్నియాపొలిస్ పోలీసులు డ్యూటీ వదిలి వెళ్ళిపోయారు. మహిళల లీగ్‌లో ఈ తరహా నిరసనలకు ముందు వరసలో నిలిచిన జట్లలో అదొకటి.

ఇప్పుడు ఆమె ఆట ఆపడానికి కారణమైన కేసు సంగతి. 1997లో మిస్సోరిలో ఒక ఇంట్లో దొంగతనం, కాల్పులు జరిగాయి. ఇంటి యజమాని గాయపడి బతికాడు. 16 ఏళ్ళ నల్లజాతి కుర్రాడు జొనథన్ ఐరన్స్‌ను పట్టుకుని, పెద్దవాడిగా లెక్కగట్టి విచారించారు. జ్యూరీలో అందరూ తెల్లవాళ్ళే. అతన్ని ఆ ఇంటికి ముడిపెట్టే వేలిముద్ర గానీ డిఎన్ఎ గానీ లేదు. శిక్ష 50 ఏళ్ళు. జైల్లో సేవా కార్యక్రమాలకు వెళ్ళే మూర్ బంధువులకు అతను పరిచయమయ్యాడు. వాళ్ళు కేసు కాగితాలు తిరగేసి అనుమానించడం మొదలుపెట్టారు. 2007లో, కాలేజీకి వెళ్ళబోయే ముందు, 18 ఏళ్ళ మూర్ అతన్ని జైల్లో కలిసింది. జెఫర్సన్ సిటీ జైలు, అంటే ఆమె పుట్టిన ఊరే. ఆ ఇంటి నుంచి తీసిన ఒక వేలిముద్ర ఐరన్స్‌దీ కాదు, బాధితుడిదీ కాదని చెప్పే నివేదికను డిఫెన్స్ లాయరుకు ఇవ్వలేదని చివరికి తేలింది. 2020 మార్చి 9న జడ్జి డేనియల్ గ్రీన్ ఆ శిక్షను రద్దు చేశారు. రాష్ట్రం పై కోర్టులకు వెళ్ళినా నిలవలేదు. 2020 జులై 1న ఐరన్స్ విడుదలయ్యాడు. జైలు గోడ బయట మూర్ ఎదురుచూస్తోంది. ఆ నెలలోనే వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకున్నారు. 2022లో కొడుకు పుట్టాడు.

ఇక ఆక్షేపణలు. వాటిలో కొన్నింటికి బలముంది, కాబట్టి తేలిగ్గా తోసెయ్యలేం. మొదటిది, జట్టుకు అన్యాయం జరిగిందనేది. లింక్స్ అభిమానికి ఈ మాట అనే హక్కుంది. ఆమె ఆడిన ఎనిమిది సీజన్లలో నాలుగు టైటిళ్ళు వస్తే, 2017 తరవాత 2025 దాకా ఆ జట్టుకు ఒక్కటీ రాలేదు. ఆమె వెళ్ళేనాటికి వేలెన్ రిటైరయింది, మిగిలిన సీనియర్లు ఒక్కొక్కరే తప్పుకుంటున్నారు, ఆ బృందం ఎలాగూ కరిగిపోయే దశలో ఉందన్నదీ నిజమే. కానీ నా జవాబు దాని మీద ఆధారపడదు. జట్టు అవసరం తీరిపోతే ఏ ఆటగత్తెనైనా మరో జట్టుకు మార్చేస్తుంది, లేదా కాంట్రాక్టు ముగించేస్తుంది. దాన్ని వ్యాపారం అంటాం. ఆటగత్తె తనంతట తాను ఆగితే మాత్రం ద్రోహం అంటాం. బంధం రెండు వైపులా ఒకేలా ఉండాలి కదా. ఆమె కాంట్రాక్టు మధ్యలో అబద్ధం చెప్పి పోలేదు, సీజన్‌కు మూడు నెలల ముందే అందరికీ తెలిసేలా ప్రకటించి వెళ్ళింది. లింక్స్ కూడా ఆ తరవాత మూడేళ్ళు ప్లేఆఫ్స్‌కు వెళ్ళింది. 2019 డ్రాఫ్ట్‌లో, ఆమె చదివిన కాలేజీ నుంచే వచ్చిన నఫీసా కొలియర్‌ను తీసుకుని కొత్త జట్టు కట్టుకుంది. 2024 ఆగస్టులో మూర్ 23వ నంబరు జెర్సీని గౌరవంగా పైకప్పుకు ఎత్తింది.

రెండోది ప్రేమ సంగతి. న్యాయం కోసం కాదు, ప్రేమించినవాడి కోసం ఆపింది, దాన్ని అంత పెద్దది చేయడమెందుకు అంటారు. ప్రేమ ఉంటే కేసు చెడిపోతుందా? వేలిముద్ర నివేదిక దాచారా లేదా అన్నది కోర్టు తేల్చిన విషయం. అతని పట్ల ఆమె మనసు ఎప్పుడు ఎలా మారిందన్నదానితో దానికి పని లేదు. పైగా మన ఇళ్ళలో తండ్రికి జబ్బు చేస్తే ఉద్యోగానికి సెలవు పెట్టి ఆస్పత్రి చుట్టూ తిరిగే కొడుకును సొంత మనిషి కోసమేగా అని ఎవరూ తక్కువ చెయ్యరు. మూడోది, ఒక్క మనిషిని విడిపించినంత మాత్రాన వ్యవస్థ మారిందా అని. మారలేదు. అయితే ఒక్క కేసుకే ఏళ్ళ తరబడి బంధువుల శ్రమ, లాయర్ల ఫీజులు, దేశమంతా పేరున్న మనిషి గొంతు కావలసి వచ్చిందంటే, ఆ మూడూ లేని ఖైదీ పరిస్థితి ఏమిటో అర్థమవుతుంది. మూర్ దంపతులు ఆ తరవాత ప్రాసిక్యూషన్ తీరు మార్చాలని తమ సంస్థ విన్ విత్ జస్టిస్ ద్వారా పని చేస్తున్నది అందుకే.

అన్నిటికన్నా గట్టి ఆక్షేపణ నాలుగోది. మూర్ ఆగగలిగింది, ఎందుకంటే అప్పటికే అన్నీ గెలిచింది. 2011లోనే జోర్డన్ బ్రాండ్‌తో ఒప్పందం కుదుర్చుకున్న మొదటి మహిళా బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి ఆమె. చేతిలో డబ్బుంది, పేరుంది. అదే లీగ్‌లో బెంచి మీద కూర్చునే పన్నెండో ఆటగత్తె ఇలా ఆగగలదా? ఆగలేదు. ఆగితే ఆ చోటు మరొకరికి పోతుంది. 12 జట్లు, జట్టుకు 12 మంది చొప్పున అప్పట్లో లీగ్ మొత్తానికి 144 చోట్లే. అమెరికా కాలేజీల ఉన్నత శ్రేణిలో 350కి పైగా మహిళా జట్లుండగా, డ్రాఫ్ట్‌లో అప్పట్లో ఏటా ఎంపికయ్యేది 36 మంది. వాళ్ళలోనూ అందరికీ జట్టులో చోటు దొరకదు. ఈ ఆక్షేపణ నిజమే, కానీ అది నా వాదాన్ని పడగొట్టకపోగా నిలబెడుతుంది. ఆపే స్వేచ్ఛ వ్యక్తి ధైర్యంతో మాత్రమే వచ్చేది కాదు, జీతంతో, భద్రతతో వచ్చేది. ధైర్యం అందరిలోనూ ఎంతో కొంత ఉంటుంది. ఆ జీతం, భద్రతే కొందరికి ఉండి, చాలామందికి లేకుండా పోయింది.

ఈ విషయంలో మన దేశపు ఏర్పాటును దీని పక్కనే పెట్టి పోల్చి చూస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. భారత మహిళల జట్టుకు కెప్టెన్‌గా చేసిన కేరళ అమ్మాయి గీతు అన్నా జోస్ ఆస్ట్రేలియాలో క్లబ్ బాస్కెట్‌బాల్ ఆడింది, 2011లో డబ్ల్యుఎన్‌బిఎ జట్ల ట్రయల్స్‌కు వెళ్ళింది. చోటు దొరకలేదు. కానీ ఆమెకు దక్షిణ రైల్వేలో ఉద్యోగం ఉంది. తమిళనాడు నుంచి వచ్చి భారత జట్టును చాలా ఏళ్ళు నడిపించిన, 2021లో పద్మశ్రీ అందుకున్న పి. అనితదీ రైల్వే ఉద్యోగమే. మన తెలుగు రాష్ట్రాల్లోనూ ఆడపిల్ల ఆటలో పైకొస్తే ఇంట్లోవాళ్ళు మొదట అడిగేది స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందా అనే. దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. ఆ ఉద్యోగంలో పెద్ద డబ్బు లేకపోవచ్చు. ప్రపంచ స్థాయి శిక్షణ కూడా లేదు, అందుకే మన జట్టు ఆసియా పై వరసకు చేరలేకపోతోంది. కానీ ఆట ఆగిపోయాక కూడా నెల జీతం ఆగదు. అమెరికాలో శిక్షణ, పేరు, పోటీ అన్నీ ఉన్నాయి, ఆగితే మాత్రం కింద పట్టుకునే వల లేదు. ఒకచోట ఆట సగం, భద్రత నిండుగా. ఇంకోచోట ఆట నిండుగా, భద్రత సగం కూడా కాదు. రెండింటిలో ఏది మేలో తేల్చడం నా ఉద్దేశం కాదు. ఆటగత్తె సొంత నిర్ణయాలకు చోటు దొరకాలంటే రెండూ కావాలి.

భద్రత ఉన్నచోట ఆగడం దేనికి దారితీస్తుందో చూపే ఇంకో ఉదాహరణ అట్లాంటాలోనే ఉంది. రెనే మాంట్‌గమరీ కనెటికట్‌లో మూర్ సహచరి, లింక్స్‌లో రెండు టైటిళ్ళ భాగస్వామి, తరవాత అట్లాంటా డ్రీమ్ క్రీడాకారిణి. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తరవాత సామాజిక న్యాయం కోసం పనిచేస్తానని ఆ సీజన్ మానుకుంది. అప్పుడు డ్రీమ్ యజమానుల్లో ఒకరు జార్జియా సెనేటర్ కెల్లీ లెఫ్లర్. నల్లజాతి ప్రాణాలకు విలువుందని చాటే లీగ్ కార్యక్రమాన్ని ఆమె వ్యతిరేకించారు. దానికి జవాబుగా 2020 ఆగస్టులో డ్రీమ్ జట్టుతో పాటు లీగ్ క్రీడాకారిణులు ఆమె ప్రత్యర్థి రాఫెల్ వార్నాక్‌కు ఓటెయ్యమని రాసిన చొక్కాలు వేసుకున్నారు. 2021 జనవరి రనాఫ్‌లో వార్నాక్ గెలిచారు. ఆ ఎన్నికలో ఓటు వేసిన తెలుగువాళ్ళు అల్ఫారెట్టాలో బోలెడుమంది. ఆ ఫిబ్రవరిలో డ్రీమ్ చేతులు మారింది. కొత్త యజమానులు ముగ్గురిలో ఒకరు మాంట్‌గమరీ. లీగ్‌లో ఆడిన మహిళ ఒక జట్టుకు యజమాని, ఎగ్జిక్యూటివ్ కూడా కావడం అదే మొదటిసారి. ఆమె కెరీర్ కూడా మధ్యలో తెగిపోయిందని ఎవరైనా అంటారా?

ఈ మధ్య పరిస్థితి మారుతోంది, కారణం ఊరికే కాదు. 2020 ఒప్పందంలో గరిష్ఠ జీతం 2,15,000 డాలర్లకు పెరిగింది, ప్రసూతి సెలవుకు పూర్తి జీతం ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. 2024లో జట్లు మామూలు విమానాల్లో ఇరుక్కుని తిరగడం ఆగి, ప్రత్యేక విమానాలు వచ్చాయి. డిస్నీ, అమెజాన్, ఎన్‌బిసిలతో 11 ఏళ్ళకు కుదిరిన ప్రసార ఒప్పందం విలువ ఏటా 20 కోట్ల డాలర్ల ప్రాంతంలో ఉంది. చలికాలం రష్యా వెళ్ళక్కర్లేకుండా అమెరికాలోనే ఆడుకోవడానికి కొలియర్, బ్రియానా స్టీవర్ట్ అనే క్రీడాకారిణి కలిసి స్థాపించిన అన్‌రైవల్డ్ లీగ్ 2025 జనవరిలో మయామీలో మొదలైంది. అయినా 2025లో లీగ్ కనీస జీతం 66,079 డాలర్లే. అల్ఫారెట్టాలో ఒక గది అపార్ట్‌మెంట్ అద్దె కట్టి బతకడానికి సరిపోయేది. ఒక ఏడాది ఆపి మళ్ళీ రావడానికి చాలేది కాదు.

ఈ మార్పు ఎక్కడి నుంచి వచ్చిందంటే, మూర్ 2015లో చెప్పిన కార్యకారణాల గొలుసు తిరగబడడం నుంచి. జనం చూశారు, ప్రసారాలు పెరిగాయి, డబ్బు వచ్చింది. 2024లో ఇండియానా ఫీవర్‌తో డ్రీమ్ ఆడిన మ్యాచ్‌లను నగరం మధ్యలోని స్టేట్ ఫార్మ్ ఎరీనాకు మార్చితే 17 వేలకు పైగా వచ్చారు. డ్రీమ్ మామూలుగా ఆడే కాలేజ్ పార్క్ గేట్‌వే సెంటర్ ఎరీనాలో పట్టేది సుమారు 3,500 మంది. అల్ఫారెట్టాలో మన పిల్లలు బాస్కెట్‌బాల్ మొదలుపెట్టినప్పుడు, కాలేజీ అప్లికేషన్‌లో ఒక వరస అవుతుందనో, స్కాలర్‌షిప్ వస్తుందనో ఆలోచించడం తప్పేమీ కాదు. డ్రాఫ్ట్ దాకా వెళ్ళే అవకాశం ఎంత తక్కువో పై అంకెలే చెబుతున్నాయి, ఆ ఆశ పిల్లల నెత్తిన పెట్టవద్దనే నేనూ అంటాను. ఆడదామన్నప్పుడు ఆడనివ్వండి, మానేస్తానన్నప్పుడు నాలుగేళ్ళ ఫీజు దండగైందని లెక్క తీయకండి. ఇక మిగిలినవాళ్ళందరం చేయగలిగిన పని ఒకటుంది. డ్రీమ్ సీజన్ మేలో మొదలవుతుంది. జీఏ 400 మీద దక్షిణంగా దిగి, నగరం దాటి, విమానాశ్రయం పక్కన కాలేజ్ పార్క్ దాకా వెళితే చాలు. టికెట్ కొనుక్కుని, ఆడపిల్లలతో పాటు మగపిల్లలనూ తీసుకెళ్ళండి. ఆ టికెట్ డబ్బు ఎవరో ఒక పన్నెండో ఆటగత్తె జీతంలో కలుస్తుంది. మూర్ విషయానికొస్తే, 2025 సెప్టెంబరులో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో నైస్మిత్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెను చేర్చుకుంది. అందుకు ఎనిమిది సీజన్లు సరిపోయాయి.